బాలమందిర్ నుంచి అంగన్‌వాడీ దాకా: భారతదేశంలో శిశు ఉపాధ్యాయుల ఉన్నత విద్య, వృత్తి శిక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆరేళ్లలోపు పిల్లలకు బోధించేవారికి ఎంత చదువు ఉండాలి, ఎలాంటి శిక్షణ అందాలి అన్న ప్రశ్న భారతదేశంలో దాదాపు నూరేళ్లుగా చర్చలో ఉంది. 1925లో భావనగర్‌లో మొదలైన అధ్యాపన మందిర్ నుంచి 2023లో ప్రారంభమైన ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ కార్యక్రమం వరకు ఆ శిక్షణ నడిచిన దారిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్వాతంత్ర్యానంతరం శిశు వికాసశాస్త్రం విశ్వవిద్యాలయాల్లో స్నాతకోత్తర స్థాయికి ఎదిగింది. అదే కాలంలో శిశువుల దగ్గర నిత్యం పనిచేసే మహిళకు అందిన శిక్షణ రోజుల లెక్కకు కుదించుకుపోయింది. ఈ రెండు పాయలు విడిపోవడానికి గల కారణాలను, ఆ ఎడబాటు ఉపాధ్యాయుల హోదాపైన, వేతనంపైన చూపిన ప్రభావాన్ని, వాటిని కలపడానికి గతంలో జరిగిన ప్రయత్నాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: శిశువిద్య, ఉపాధ్యాయ శిక్షణ, బాలవాడి, అంగన్‌వాడీ, గృహవిజ్ఞానశాస్త్రం, గౌరవ వేతనం, వృత్తి వికాసం.

1. ఉపోద్ఘాతం

తెలుగు పల్లెల్లో అంగన్‌వాడీ కేంద్రం నడిపే మహిళను ఊరంతా ‘టీచరు’ అనే పిలుస్తారు. కేంద్ర ప్రభుత్వ పత్రాల్లో ఆమె ‘కార్యకర్త’. ఆమెకు నెలనెలా అందే మొత్తం పేరు జీతం కాదు, ‘గౌరవ వేతనం’. ఊరు పెట్టిన పేరుకూ, ప్రభుత్వం పెట్టిన పేరుకూ మధ్య ఉన్న ఈ తేడా కేవలం పరిభాషకు సంబంధించినది కాదు. శిశువులకు చదువు చెప్పడం ప్రత్యేక జ్ఞానం అవసరమైన వృత్తియా, లేక ఏ స్త్రీ అయినా సహజంగా చేయగల సేవయా అన్న ప్రశ్న దాని వెనుక ఉంది.

ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల ఉపాధ్యాయులకు సంబంధించి ఈ ప్రశ్న చాలా కాలం కిందటే తేలిపోయింది. శిక్షణ పొందినవారే ఆ బోధనకు అర్హులని ప్రభుత్వం, సమాజం అంగీకరించాయి. పూర్వ ప్రాథమిక దశ విషయంలో మాత్రం అది నేటికీ తేలలేదు. ఈ దశ ఉపాధ్యాయుల శిక్షణ చరిత్రను సంస్థల వారీగా, కాలక్రమంలో చూసినప్పుడు ఆ అనిశ్చితి ఎక్కడ మొదలైందో స్పష్టమవుతుంది.

2. భావనగర్: బడి పక్కనే శిక్షణాలయం

గుజరాత్‌లోని భావనగర్‌లో నానాభాయి భట్ స్థాపించిన దక్షిణామూర్తి సంస్థలో గిజుభాయి బధేకా (1885–1939) 1916లో చేరాడు. అంతకుముందు ఆయన న్యాయవాది. తన కుమారుని పెంపకం గురించి ఆలోచిస్తూ మాంటిసోరి రచనలు చదివి, వకాలతు వదిలి శిశువిద్య వైపు వచ్చాడు. 1920లో ఆయన ప్రారంభించిన బాలమందిర్ దేశంలో భారతీయులు సొంతంగా రూపొందించుకున్న తొలి పూర్వ ప్రాథమిక పాఠశాలల్లో ముఖ్యమైనది. తెలుగు పాఠకులకు గిజుభాయి ‘పగటి కల’ రచయితగా పరిచితుడు.

బాలమందిర్ నడుస్తున్న కొద్దీ గిజుభాయికి ఒక ఇబ్బంది ఎదురైంది. పద్ధతి తెలిసిన ఉపాధ్యాయులు లేకపోతే పాఠశాల ఒక్క వ్యక్తి మీదే ఆధారపడుతుంది. అందుకే 1925లో ఆయన అధ్యాపన మందిర్‌ను ప్రారంభించాడు. శిక్షణార్థులు బాలమందిర్ పిల్లలను గమనించడం, కథ చెప్పడం, పాటలు పాడడం, నాటకం ఆడించడం నేర్చుకునేవారు. సిద్ధాంతం చదవడమూ, పిల్లల మధ్య కూర్చోవడమూ ఒకే ఆవరణలో జరిగేవి. 1926 నాటికి నూతన బాలశిక్షణ సంఘం ఏర్పడింది. గిజుభాయి, తారాబాయి మోదక్ కలిసి నడిపిన ‘శిక్షణ పత్రిక’ శిక్షణ ముగించుకొని వెళ్లిన ఉపాధ్యాయులకు కొత్త ఆలోచనలను చేరవేసింది. నేడు వృత్తి వికాసం అని వ్యవహరించే ప్రక్రియకు కావలసిన మూడు అంగాలు, అంటే ప్రయోగశాల వంటి బడి, శిక్షణాలయం, వృత్తి పత్రిక, భావనగర్‌లో ఆనాడే కనిపిస్తాయి.

తారాబాయి మోదక్ (1892–1973) నేపథ్యం ఇక్కడ గమనించదగినది. ఆమె బొంబాయి విశ్వవిద్యాలయ పట్టభద్రురాలు. రాజ్‌కోట్‌లోని మహిళా శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసి, ఆ పదవిని వదిలి భావనగర్‌కు వచ్చింది. ఆనాటి లెక్కలో అది పెద్ద కళాశాల నుంచి చిన్నపిల్లల బడికి దిగిరావడమే. ఉన్నత విద్య ఉన్న స్త్రీ శిశువుల తరగతిని తన కార్యక్షేత్రంగా ఎంచుకోవడం తరువాతి దశాబ్దాల్లో అరుదైపోయింది.

3. అడయారు: డిప్లొమా రాక

గిజుభాయి 1939 జూన్‌లో కన్నుమూశాడు. అదే ఏడాది నవంబరులో డాక్టర్ మరియా మాంటిసోరి, ఆమె కుమారుడు మారియో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసు చేరుకున్నారు. అడయారులో ఆమె నిర్వహించిన తొలి భారతీయ శిక్షణ తరగతికి దేశం నలుమూలల నుంచి సుమారు 300 మంది హాజరయ్యారు. ఆమె ఇటాలియన్‌లో ఉపన్యసిస్తే మారియో ఆంగ్లంలోకి అనువదించేవాడు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో వారిద్దరూ శత్రుదేశస్థులయ్యారు. మారియోను నిర్బంధ శిబిరానికి తరలించారు. మాంటిసోరి సంచారంపై ఆంక్షలు పెట్టారు. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజు సందర్భంగా అదే ఏడాది ఆగస్టు 31న మారియో విడుదలయ్యాడు. యుద్ధకాలమంతా వారు భారతదేశంలోనే ఉండి అడయారు, కొడైకెనాల్, అహమ్మదాబాదు తదితర చోట్ల పనిచేశారు. వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులు ఈ తరగతుల్లో శిక్షణ పొందారు. పుట్టిన క్షణం నుంచే శిశువు నేర్చుకుంటాడన్న ఆమె ప్రతిపాదనకు విస్తృత రూపం భారతదేశంలోని ఉపన్యాసాల్లోనే ఏర్పడింది. వాటి ఆధారంగా వచ్చిన గ్రంథాన్ని 1949లో అడయారులోని దివ్యజ్ఞాన ప్రచురణాలయమే వెలువరించింది.

ఈ తరగతుల వల్ల శిశు ఉపాధ్యాయత్వానికి ఒక డిప్లొమా, దానితో పాటు ఒక గౌరవం వచ్చాయి. కానీ ఈ శిక్షణ ఆంగ్లం తెలిసినవారికి, ప్రయాణ ఖర్చులు, రుసుము భరించగలవారికి అందుబాటులో ఉండేది. వారు తిరిగివెళ్లి నెలకొల్పిన పాఠశాలలు ఎక్కువగా నగరాల్లోనే వెలిశాయి. 1931లో లండన్‌లోని మాంటిసోరి శిక్షణ కళాశాలలో మాట్లాడిన గాంధీ, ఈ పద్ధతి పేదపిల్లలకు కూడా అందాలన్న ఆకాంక్షను వ్యక్తం చేశాడు. ఎనిమిదేళ్ల తరువాత మాంటిసోరి స్వయంగా ఈ దేశానికి వచ్చినప్పటికీ ఆ సమస్య పరిష్కారం కాలేదు.

1944 నాటి సార్జెంట్ నివేదిక మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నర్సరీ పాఠశాలల్లో 10 లక్షల స్థానాలు కల్పించాలని, ఆ పాఠశాలల్లో ప్రత్యేక శిక్షణ పొందిన మహిళలనే నియమించాలని సూచించింది. ప్రత్యేక శిక్షణ అవసరమన్న సూత్రాన్ని ప్రభుత్వ పత్రం ఒకటి స్పష్టంగా అంగీకరించడం గమనార్హం. సూత్రం కాగితం మీదికి వచ్చింది. దాన్ని పల్లెలో ఎలా అమలు చేయాలో చూపినది మాత్రం బోర్డి గ్రామం.

4. బోర్డి, కోస్బాడ్: ముంగిట్లో బడి

తారాబాయి మోదక్ 1945లో బొంబాయికి ఉత్తరాన సముద్రతీరాన ఉన్న బోర్డిలో గ్రామ బాలశిక్షా కేంద్రాన్ని ప్రారంభించింది. ఆమె వెంట అనుతాయి వాఘ్ (1910–1992) ఉంది. ఖరీదైన మాంటిసోరి సామగ్రికి బదులు గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, గింజలు బోధనోపకరణాలయ్యాయి. ఊరి పేదపిల్లలు, వార్లీ ఆదివాసీ పిల్లలు బడికి రాకపోవడానికి కారణాలు వెదికితే చెల్లినో తమ్ముణ్నో ఎత్తుకోవలసి రావడం, పశువులు కాయవలసి రావడం కనిపించాయి. పిల్లలు బడికి రాలేనప్పుడు బడే వారి ముంగిటికి వెళ్లింది. వాడలోని ముంగిట్లో నడిచిన ఆ బడే ‘అంగన్‌వాడి’. బాలవాడి, అంగన్‌వాడి అన్న పేర్లను వ్యాప్తిలోకి తెచ్చిన ఘనత తారాబాయికే దక్కుతుంది. 1957లో కేంద్రం కోస్బాడ్ కొండకు మారింది.

ముంగిట్లో నడిచే బడికి తక్కువ శిక్షణ చాలునని తారాబాయి భావించలేదు. స్థిరమైన గది, సిద్ధమైన సామగ్రి, నిర్ణీత కాలపట్టిక లేని చోట పిల్లల ఆసక్తిని నిలపాలంటే ఉపాధ్యాయురాలికి శిశువు గురించి మరింత లోతైన అవగాహన కావాలి. అందుకే అక్కడా భావనగర్‌లో వలెనే బాలవాడితో పాటు బాలసేవికల శిక్షణ నడిచింది.

అనుతాయి వాఘ్ విద్యాప్రస్థానం ఈ చరిత్రలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. పదమూడేళ్లకే పెళ్లయి, కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకున్న ఆమె మాతృభాషలో ప్రాథమిక విద్య ముగించి, ఉపాధ్యాయ శిక్షణ పొంది పల్లెబడిలో చేరింది. పుణెలో ఉద్యోగం చేస్తూ రాత్రిబడిలో చదివి 1937లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసింది. పట్టభద్రురాలయ్యేసరికి 1961 వచ్చింది. అప్పటికి ఆమె శిశువిద్యలో పదహారేళ్ల అనుభవం ఉన్న శిక్షకురాలు. ముందు పట్టా, ఆ తరువాత పని అన్న వరుస ఆమె విషయంలో తారుమారైంది. పని చేస్తూ చదివిన ఈ దారి ఆమె వ్యక్తిగత పట్టుదలతో ఏర్పడినదే తప్ప, ఆ దారిని ఇతరులకు సుగమం చేసే ఏర్పాటు అప్పటికి శిశువిద్యా రంగంలో లేదు.

5. దుర్గాబాయి: చదువు ఆగినచోట మళ్లీ మొదలు

అటువంటి ఏర్పాటుకు పునాది మరొక దిక్కు నుంచి పడింది. అడయారులో మాంటిసోరి తరగతులు జరిగే నాటికి అదే మద్రాసు నగరంలో దుర్గాబాయి (1909–1981) స్థాపించిన ఆంధ్ర మహిళా సభ పనిచేస్తోంది. బాల్యంలోనే పెళ్లయి ఆ బంధాన్ని కాదనుకున్న దుర్గాబాయి, పెద్దయ్యాక బనారస్ మెట్రిక్యులేషన్ పరీక్ష రాసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, న్యాయవాది అయింది. తాను నడిచిన దారిలోనే చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను బనారస్ పరీక్షకు సిద్ధం చేయడం ఆంధ్ర మహిళా సభ తొలినాటి ముఖ్య కార్యక్రమాల్లో ఒకటి.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి తొలి అధ్యక్షురాలు. బోర్డు చేపట్టిన గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాల్లో బాలవాడి ఒక భాగం. అయితే గ్రామసేవికగా, బాలసేవికగా పనిచేయడానికి తగిన చదువున్న మహిళలు పల్లెల్లో దొరకడం కష్టమైంది. నగరాల నుంచి వచ్చినవారు పల్లెలో నిలవలేదు. ఈ చిక్కుకు బోర్డు చూపిన పరిష్కారం 1958లో మొదలైన వయోజన మహిళల సంక్షిప్త విద్యాకోర్సు. బడి మానేసిన గ్రామీణ మహిళలను, వారిలో భర్తను కోల్పోయినవారిని, ఒంటరులను చేర్చుకొని, తక్కువ కాలంలో మిడిల్ స్కూలు లేదా మెట్రిక్యులేషన్ స్థాయికి చేర్చి, ఆపై వృత్తి శిక్షణకు అర్హులను చేయడం దాని ఉద్దేశం.

ఈ ఏర్పాటులో ఒక మౌలికమైన ఆలోచన ఉంది. స్థానిక మహిళ కావాలంటే అర్హతను తగ్గించాలి, అర్హత కావాలంటే స్థానిక మహిళను వదులుకోవాలి అన్న వాదనను సంక్షిప్త కోర్సు అంగీకరించలేదు. అర్హతను నిలబెట్టి, అక్కడికి చేరే మెట్లను ప్రభుత్వ ఖర్చుతో కట్టించింది. మూడవ పంచవర్ష ప్రణాళిక కాలం (1961–66) నుంచి భారత శిశు సంక్షేమ మండలి ఆధ్వర్యంలో బాలసేవికల శిక్షణ కూడా విస్తరించింది. పల్లెలో చదువు ఆగిపోయిన మహిళ శిక్షణ పొందిన శిశు ఉపాధ్యాయురాలు కావడానికి కనీసం ఒక దారి ఈ కాలంలో ఏర్పడింది.

6. విశ్వవిద్యాలయంలో శిశువు

ఇదే దశాబ్దాల్లో శిశు వికాసం ఒక విశ్వవిద్యాలయ శాస్త్రంగా రూపుదిద్దుకుంది. అది చేరిన ఇల్లు విద్యాశాఖ కాదు, గృహవిజ్ఞానశాస్త్ర శాఖ. 1932లో ఢిల్లీలో ప్రారంభమైన లేడీ ఇర్విన్ కళాశాల, 1949లో ఏర్పడిన బరోడా మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలోని గృహవిజ్ఞాన విభాగం ఈ మార్పుకు కేంద్రాలయ్యాయి. బరోడాలోని చేతన్ బాలవాడి వంటి ప్రయోగాత్మక నర్సరీలు విద్యార్థినులకు పరిశీలనా స్థలాలయ్యాయి. తెలుగునాట హైదరాబాదులోని గృహవిజ్ఞాన కళాశాల, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ శాస్త్రంలో స్నాతకోత్తర విద్యకు, పరిశోధనకు అవకాశం కల్పించాయి.

ఈ స్థానం వల్ల ఒక మేలు, ఒక కీడు కలిగాయి. పోషణ, ఆరోగ్యం, కుటుంబం, మానసిక వికాసం అన్నిటినీ ఒకే చూపులో పరిశీలించే అవకాశం దొరకడం మేలు. శిశువును విడదీసి చూడరాదన్న సూత్రం ఈ శాఖల్లోనే బలపడింది. ఉపాధ్యాయ విద్యతో సంబంధం తెగిపోవడం కీడు. బి.ఎడ్. ఉన్నవారికి ఉన్నత పాఠశాలలో ఉద్యోగం ఉంది. శిశు వికాసంలో ఎం.ఎస్సీ. ఉన్నవారికి శిశువుల తరగతిలో ఆ చదువుకు తగిన ఉద్యోగమంటూ ఏదీ లేదు. ఆ పట్టాలు అధ్యాపకత్వానికి, పరిశోధనకు, ప్రభుత్వ పర్యవేక్షణ పదవులకు దారితీశాయి. శిశువు గురించి ఎక్కువ చదివినవారు శిశువుకు దూరంగా, తక్కువ చదివినవారు శిశువుకు దగ్గరగా పనిచేసే అమరిక అలా స్థిరపడింది.

కొఠారీ కమిషన్ (1964–66) పూర్వ ప్రాథమిక విద్య ప్రాధాన్యాన్ని గుర్తించింది. కానీ దాని విస్తరణను ప్రధానంగా ప్రైవేటు చొరవకు వదిలి, రాష్ట్ర ప్రభుత్వాల పాత్రను ఉపాధ్యాయుల శిక్షణ, పరిశోధన, సామగ్రి తయారీ, మార్గదర్శనం వంటి పనులకు పరిమితం చేసింది.

7. 1975: విస్తరణ, కుదింపు

1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన కేంద్ర విద్యా సలహా మండలి అధ్యయన బృందం బడి ఈడుకు ముందరి పిల్లల సమగ్ర వికాసంపై నివేదిక సమర్పించింది. 1974లో జాతీయ బాలల విధానం వెలువడింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 ప్రాజెక్టులతో మొదలైంది. వాటిలో 18 గ్రామీణ, 11 గిరిజన, 4 పట్టణ ప్రాజెక్టులు. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, రెఫరల్ సేవలు, పోషణ–ఆరోగ్య విద్య, అనియత పూర్వ పాఠశాల విద్య అనే ఆరు సేవలకూ కేంద్రబిందువు ఒక్క మహిళ.

ఆ కేంద్రానికి పెట్టిన పేరు తారాబాయి ముంగిటి బడి నుంచి వచ్చిందే. పేరుతో పాటు రావలసిన శిక్షణ సంప్రదాయం మాత్రం రాలేదు. కార్యకర్తను స్వచ్ఛంద సేవకురాలిగా భావించి గౌరవ వేతనం నిర్ణయించారు. 1975లో అది మెట్రిక్యులేషన్ ఉన్నవారికి నెలకు 150 రూపాయలు, లేనివారికి 100 రూపాయలు. బోధనాంశాన్ని ‘అనియత’ విద్య అనడం వల్ల ఉపాధ్యాయ విద్యా నియమాలు దానికి వర్తించలేదు. శిక్షణ బాధ్యత విశ్వవిద్యాలయాలకు గాని, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలకు గాని కాక, ప్రత్యేకంగా నెలకొల్పిన అంగన్‌వాడీ శిక్షణ కేంద్రాలకు అప్పగించారు. జాతీయ ప్రజాసహకార, శిశు అభివృద్ధి సంస్థ వాటికి మార్గదర్శకత్వం వహించింది.

తొలినాళ్లలో నెలల తరబడి సాగిన ఉద్యోగ శిక్షణ తరువాత 26 పనిదినాలకు తగ్గింది. ఆ రోజుల్లోనే పిల్లల బరువు తూచడం, పెరుగుదల పట్టిక గీయడం, ఆహారం పంచడం, రిజిస్టర్లు రాయడం, గర్భిణులకు సలహాలు ఇవ్వడం, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో బోధించడం నేర్పాలి. బోధనకు దక్కే వాటా అందులో ఒక భాగం మాత్రమే. పథకం దాదాపు 14 లక్షల కేంద్రాలకు విస్తరించింది. ఇంత విస్తృతిలో సుదీర్ఘ శిక్షణ సాధ్యం కాదన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే ప్రాథమిక పాఠశాలలు కూడా లక్షల్లోనే ఉన్నాయి. అక్కడ విస్తరణ పేరుతో రెండేళ్ల ఉపాధ్యాయ శిక్షణను కొన్ని వారాలకు తగ్గించడం జాతీయ ప్రమాణం కాలేదు. కనుక శిక్షణ కుదింపుకు సంఖ్య ఒక్కటే కారణం కాదు. ఇది తల్లి చేసే పనికి పొడిగింపు అన్న భావన కూడా అంతే బలమైన కారణం.

పథకంలో పట్టభద్రులకు చోటు లేకపోలేదు. సూపర్‌వైజర్, సీడీపీఓ పదవులకు గృహవిజ్ఞానం, సాంఘిక సేవ వంటి విషయాల్లో డిగ్రీని అర్హతగా తీసుకున్నారు. అంటే పట్టా పర్యవేక్షణకు అర్హత అయింది, బోధనకు కాలేదు.

8. నియంత్రణ సంస్థలు, న్యాయస్థానాలు

1993 చట్టం ద్వారా 1995లో ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, 2014 నిబంధనల్లో పూర్వ పాఠశాల విద్యలో రెండేళ్ల డిప్లొమాను నిర్వచించింది. ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులు దానికి ప్రవేశార్హత. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో శిశు సంరక్షణ, విద్య డిప్లొమాను అందిస్తోంది. కానీ ఈ అర్హతలు ఉన్నవారినే నియమించాలన్న నిర్బంధం బలంగా లేనందున, ఎల్‌కేజీ, యూకేజీ నడిపే అనేక ప్రైవేటు బడుల్లో ఏ శిక్షణా లేనివారు అతి తక్కువ జీతానికి పనిచేయడం సాధారణమైంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్లు నిండిన పిల్లల నుంచే వర్తిస్తుంది. మూడేళ్లు దాటిన పిల్లల విషయంలో దాని 11వ సెక్షన్ ప్రభుత్వాలు అవసరమైన ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే చెప్పింది. 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం నాణ్యతా ప్రమాణాలను ప్రస్తావించినా, అది విధానమే గాని చట్టం కాదు.

శిక్షణలోని ఈ అస్పష్టత న్యాయస్థానాల్లో హోదా వివాదంగా పరిణమించింది. కర్ణాటక ప్రభుత్వం, అమీర్‌బీ మధ్య నడిచిన వ్యాజ్యంలో 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలు సివిల్ పోస్టుల్లో ఉన్నవారు కారని తీర్పునిచ్చింది. 2022 ఏప్రిల్ 25న మణిబెన్ మగన్‌భాయి భారియా కేసులో మాత్రం సుప్రీంకోర్టు, 1972 గ్రాట్యుటీ చెల్లింపు చట్టం కార్యకర్తలకు, సహాయకులకు వర్తిస్తుందని నిర్ణయించింది. అంగన్‌వాడీలో పూర్వ పాఠశాల విద్య సాగుతోందన్న వాస్తవాన్ని, విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్‌ను న్యాయస్థానం ఈ సందర్భంలో పరిగణనలోకి తీసుకుంది. పదహారేళ్ల వ్యవధిలో వచ్చిన ఈ రెండు తీర్పులు తేల్చిన న్యాయప్రశ్నలు వేరు. అయినా ఆమె చేసే పనిలో బోధన ఉందన్న గుర్తింపు హక్కుల నిర్ణయానికి తోడ్పడగలదని రెండవ తీర్పు నిరూపించింది.

9. 2020 తరువాత

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు గల కాలాన్ని పునాది దశగా గుర్తించి, శిశువిద్యను పాఠశాల విద్యా నిర్మాణంలోకి తెచ్చింది. ఇంటర్మీడియట్, ఆపై చదువు ఉన్న అంగన్‌వాడీ కార్యకర్తలకు 6 నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటె తక్కువ చదువు ఉన్నవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని సూచించింది. ఇవి డీటీహెచ్ చానళ్లు, స్మార్ట్‌ఫోన్ల ద్వారా దూరవిధానంలో సాగాలని, నెలకు కనీసం ఒక ముఖాముఖి తరగతి ఉండాలని పేర్కొంది. దీర్ఘకాలంలో వృత్తి శిక్షణ పొందిన శిశు ఉపాధ్యాయుల శ్రేణిని రాష్ట్రాలు సిద్ధం చేయాలన్నది. ఇదే విధానం నుంచి వచ్చిన నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యా కార్యక్రమంలో పునాది దశ ఒక ప్రత్యేక విభాగం. 2022 అక్టోబరులో పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం వెలువడింది. 2023 మేలో మొదలైన ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ కింద కార్యకర్తలకు అందే ముఖాముఖి శిక్షణ 3 రోజులు.

ఈ మార్గాలను పక్కపక్కన పెట్టి చూస్తే అసమానత తెలుస్తుంది. నాలుగేళ్ల పిల్లవాడు ఒక చోట నాలుగేళ్ల డిగ్రీ ఉన్న ఉపాధ్యాయురాలి దగ్గర, మరొక చోట రెండేళ్ల డిప్లొమా ఉన్నామె దగ్గర, ఇంకొక చోట కొన్ని వారాల శిక్షణ పొందినామె దగ్గర చదువుతాడు. పిల్లవాడి వికాస అవసరాలు మూడు చోట్లా ఒక్కటే. అతడు ఏ బడికి వెళ్తాడన్నది అతని కుటుంబ ఆర్థికస్థితి నిర్ణయిస్తుంది.

డిగ్రీని తప్పనిసరి చేయడమే పరిష్కారమని ఈ పరిశీలన నుంచి తేల్చడం తొందరపాటు అవుతుంది. పిల్లల ఇంటిభాష, ఆ వాడ కష్టసుఖాలు తెలిసిన స్థానిక మహిళ అంగన్‌వాడీకి బలం. డిగ్రీ నిబంధన ఒక్కసారిగా వస్తే ఆదివాసీ, దళిత, ఒంటరి మహిళలే ముందుగా ఆ ఉపాధికి దూరమవుతారు. 2022 మార్గదర్శకాల్లో సూపర్‌వైజర్ పోస్టుల్లో 50 శాతాన్ని ఐదేళ్ల అనుభవం ఉన్న కార్యకర్తలకు పదోన్నతి ద్వారా ఇవ్వాలన్న ఏర్పాటు మంచి అడుగే. కాని ఎదుగుదల అంటే తరగతిని విడిచి పర్యవేక్షణకు వెళ్లడమే అన్న పాత అమరిక అందులోనూ మిగిలే ఉంది. తరగతిలోనే ఉంటూ చదువులోను, హోదాలోను, వేతనంలోను ఎదిగే మెట్టు ఇంకా కట్టవలసి ఉంది.

శిక్షణకూ వేతనానికీ ఉన్న ముడి తెలుగునాట ఇటీవలి చరిత్రలో బహిరంగంగా కనిపించింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం ఎస్మాను ప్రయోగించింది. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం గ్రాట్యుటీ చెల్లించాలన్నది, వేతనం పెంచాలన్నది వారి ముఖ్యమైన కోరికలు. ఎస్మా అత్యవసర సేవలకు వర్తించే చట్టం. పని ఆగినప్పుడు అత్యవసర సేవగా కనిపించినది, పని నడిచే రోజుల్లో గౌరవ వేతనానికి సరిపడే స్వచ్ఛంద సేవగా పరిగణన పొందుతోందన్న వైరుధ్యాన్ని ఆ సమ్మె బయటపెట్టింది.

10. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. భావనగర్, బోర్డి, కోస్బాడ్‌లలో శిశువుల బడి, ఉపాధ్యాయ శిక్షణ, పరిశీలన ఒకే చోట ఉండేవి. స్వాతంత్ర్యానంతరం పరిశీలన, పరిశోధన గృహవిజ్ఞాన శాఖలకు, బడి సంక్షేమ శాఖకు, ఉపాధ్యాయ విద్య వేరొక మండలికి విడిపోయాయి.

2. 1975 పథకం తారాబాయి పెట్టిన పేరును స్వీకరించింది కాని, ఆమె శిక్షణకు ఇచ్చిన స్థానాన్ని ఇవ్వలేదు. ‘అనియత విద్య’, ‘కార్యకర్త’, ‘గౌరవ వేతనం’ అన్న మూడు పదాలు ఒకదాన్నొకటి బలపరచుకున్నాయి. బోధన వృత్తి కాదు కనుక శిక్షణ తక్కువ, శిక్షణ తక్కువ కనుక వేతనం తక్కువ అన్న వలయం ఏర్పడింది.

3. స్నాతకోత్తర విద్య శిశువిద్యకు శాస్త్రీయ పునాదిని ఇచ్చింది. అయితే ఆ చదువు తరగతి గదిలోకి కాక పర్యవేక్షణ, అధ్యాపక పదవుల్లోకి దారితీసింది.

4. స్థానిక మహిళ, పూర్తి అర్హత అన్న రెండూ పరస్పర విరుద్ధాలు కావని 1958 నాటి సంక్షిప్త విద్యాకోర్సు ఉద్దేశం, అనుతాయి వాఘ్ జీవితం తెలుపుతున్నాయి. ఉద్యోగంలో ఉంటూనే సర్టిఫికెట్ నుంచి డిప్లొమాకు, డిప్లొమా నుంచి డిగ్రీకి, కోరుకుంటే పరిశోధనకు చేరే అవకాశం, ప్రతి మెట్టుకూ వేతనంలో తగిన పెరుగుదల ఆ సంప్రదాయానికి సహజమైన కొనసాగింపు.

తెలుగు రాష్ట్రాల్లో శిశు వికాసంలో స్నాతకోత్తర శాఖలున్న విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వాటి చుట్టూ ప్రతి మండలంలోనూ అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. 1925లో భావనగర్‌లో ఒకే ఆవరణలో ఉన్న రెండూ ఇక్కడ కొద్ది మైళ్ల దూరంలో ఉన్నాయి. ఆ దూరాన్ని తగ్గించే పాఠ్యప్రణాళికలు, క్షేత్ర పరిశోధనలు, కార్యకర్తలకు ప్రవేశం కల్పించే డిగ్రీలు ఈ విశ్వవిద్యాలయాల ముందున్న పని.